బిడ్డ రొమ్మును సరిగ్గా అందుకునేలా చేయడం ఎలా?

చనుమొనలు పగిలాయి. గంటసేపు చీకినా బిడ్డ మళ్లీ ఏడుస్తోంది. పాలిచ్చాక కూడా రొమ్ము బరువు తగ్గినట్టు అనిపించదు. ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయిగానీ చాలాసార్లు మూలం ఒక్కటే: బిడ్డ నోట్లోకి చనుమొన ఒక్కటే వెళ్లింది, రొమ్ము వెళ్లలేదు. ఆసుపత్రుల్లో దీన్నే ‘లాచ్ సరిగ్గా లేదు’ అంటారు. పాలు చాలడం లేదని తేల్చేసుకునే ముందు చూడాల్సింది ఈ పట్టునే.

నోటి లోపల ఏం జరగాలి

మీ నాలుక కొనను పైపళ్ల వెనక అంగిలికి ఆనించి, మెల్లగా గొంతు వైపు జరుపుతూ వెళ్లండి. కొంతదూరం ఎముకలా గట్టిగా తగులుతుంది, తర్వాత మెత్తబడుతుంది. బిడ్డ నోట్లో చనుమొన దాదాపు ఆ మెత్తదనం మొదలయ్యే చోటిదాకా చేరాలి. అక్కడ దాన్ని నలిపేదేదీ ఉండదు. అంతదాకా వెళ్లకుండా ముందే ఆగిపోతే గట్టి అంగిలికీ నాలుకకూ మధ్య ఇరుక్కుని, చీకిన ప్రతిసారీ నలుగుతుంది. పగుళ్లు అలా పడతాయి.

పాలు తక్కువగా రావడానికీ అదే కారణం. బిడ్డ నాలుకా కింది దవడా కిందికి దిగినప్పుడు నోట్లో పుట్టే లాగుడుకు, రొమ్ము మీద పడే ఒత్తిడి తోడైతేనే పాలు ధారగా వస్తాయి. వట్టి చనుమొనను ఎంతసేపు చీకినా వచ్చేది కొంచెమే.

ఇంకో సంగతి. పై దవడ కదలదు, పనంతా కింది దవడదే. కాబట్టి రొమ్ము కింది పెదవి వైపు ఎక్కువగా, పై పెదవి వైపు తక్కువగా లోపలికి వెళ్లాలి. చనుమొనను సరిగ్గా నోటి నడిమధ్యకు గురిపెట్టడం అందుకే పొరపాటు. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఏడుపు ఆకలికి మొదటి గుర్తు కాదు, చివరిది. అంతకు చాలా ముందే బిడ్డ కదలడం మొదలుపెడుతుంది, నోరు తెరిచి మూస్తుంది, నాలుక బయటపెడుతుంది, చేతులు నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, చెంపకు ఏది తగిలితే అటు తల తిప్పి వెతుకుతుంది. ఆ వెతుకులాటే సరైన సమయం. ఏడుస్తున్న బిడ్డ నాలుక పైకి లేచి అంగిలి వైపు ఉంటుంది. ఆ స్థితిలో రొమ్ము పెడితే నాలుక పైన కాక దాని కిందికి వెళ్తుంది, పట్టు కుదరదు. ముందు బిడ్డను ఛాతీ మీద నిలువుగా వేసుకుని, వీలైతే మీ చర్మానికి బిడ్డ చర్మం తగిలేలా పెట్టుకుని ఊరడించండి. శాంతించాకే మొదలుపెట్టండి.

పుట్టిన మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు చేర్చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. ఆ తర్వాత మొదటి వారాల్లో 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలివ్వడం మామూలే. గడియారం చూసి కాదు, పైన చెప్పిన గుర్తులు చూసి పట్టండి. అయితే మొదటి రోజుల్లో బిడ్డ మూడు గంటలు దాటి నిద్రపోతుంటే లేపాల్సిందే.

కూర్చోవడం, బిడ్డను పట్టుకోవడం

మీ వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు వేలాడకూడదు, భుజాలు బిగుసుకుపోకూడదు. ముందుకు వంగి రొమ్మును బిడ్డ నోటికి అందించే అలవాటు చాలామందికి ఉంటుంది. అలా వంగినప్పుడు పట్టు కుదిరినట్టే ఉంటుంది, మీరు వెనక్కి ఆనుకోగానే సగం జారిపోతుంది. మీరు కదలకుండా కూర్చుని బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోండి. ఒళ్లో దిండు పెట్టుకోవాలంటే, బిడ్డ ఎంత ఎత్తులో ఉండాలో చూసుకున్నాకే పెట్టండి. ముందే పెట్టిన దిండు ఎత్తు ఎక్కువైతే రొమ్మును పైకి లాగాల్సి వస్తుంది, బరువుకు అది మళ్లీ కిందికి జారుతుంది.

బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉండాలి. మెడ పక్కకు తిప్పి నీళ్లు మింగి చూడండి, బిడ్డకు ఎంత ఇబ్బందో తెలుస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి తల మాత్రం మీ వైపు తిప్పితే జరిగేది అదే. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి, మధ్యలో చేతులు గానీ మందపాటి దుప్పటి గానీ అడ్డం రాకూడదు. చేతులను రొమ్ముకు చెరోవైపు వచ్చేలా పెడితే కౌగిలించుకున్నట్టు ఉంటుంది.

తల వెనక చెయ్యి పెట్టకండి. ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, సాయం చేసేవాళ్లు కూడా చేసేది ఇదే. తల వెనక నుంచి నెడితే గడ్డం ఛాతీకి అంటుకుపోతుంది, నోరు పెద్దగా తెరుచుకోదు, ముక్కు రొమ్ములో కూరుకుపోతుంది. బిడ్డ భయపడి వెనక్కి విరుచుకుంటుంది. అది చూసి ‘రొమ్ము వద్దంటోంది’ అనుకుంటారు. అరచెయ్యి బిడ్డ వీపు పైభాగంలో ఉండాలి, బొటనవేలూ మిగతా వేళ్లూ చెవుల కింద మెడను ఆసరాగా పట్టుకోవాలి. తల కొంచెం వెనక్కి వాలడానికి వీలుండాలి.

రొమ్మును ఎలా పట్టుకోవాలి

చిన్న రొమ్ములైతే పట్టుకోవాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. బరువుగా ఉంటే పట్టుకోవాలి. ఏ భంగిమలోనైనా బొటనవేలు బిడ్డ ముక్కు వైపు, మిగతా వేళ్లు గడ్డం వైపు రావాలి. అప్పుడు రొమ్మును కొద్దిగా అదిమితే అది బిడ్డ పెదవుల వాటానికి సరిపోయేలా బల్లపరుపుగా అవుతుంది. అడ్డంగా అదిమితే నోటికి పట్టదు.

వేళ్లు చనుమొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయానికి బాగా వెనక ఉండాలి. లేదంటే బిడ్డ గడ్డానికి మీ వేళ్లే అడ్డుపడతాయి. చూపుడువేలు, మధ్యవేలి మధ్య కత్తెరలా పట్టుకోవడం చాలామందికి అలవాటు. ఆ పట్టులో వేళ్లు ఎప్పుడూ చనుమొనకు మరీ దగ్గరగానే ఉంటాయి, మానుకోవడమే మేలు.

అసలు క్షణం

ఇక్కడ తొందరపడకూడదు. చివరి కదలిక మాత్రం చురుగ్గా జరగాలి.

1. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. నోరు కాదు, ముక్కు. మొదటిసారి వింతగా అనిపిస్తుంది. కానీ చనుమొన అందుకోవాలంటే బిడ్డ తల వెనక్కి వాల్చి గడ్డం ముందుకు తేవాలి. మనకు కావాల్సిందీ అదే.

2. చనుమొనతో బిడ్డ పై పెదవిని, ముక్కు కిందిభాగాన్ని మెల్లగా తాకి ఆపండి. నోట్లోకి తోయకండి. పెదవికి రెండు చుక్కల పాలు అంటితే వాసనకు ఇంకా త్వరగా నోరు తెరుస్తుంది.

3. ఎదురుచూడండి. నోరు సగం తెరిచినప్పుడు పెట్టాలన్న ఆత్రం కలుగుతుంది, ఆగండి. ఆవులించినంత పెద్దగా తెరవాలి, నాలుక కింద పరుచుకుని ఉండాలి. అవసరమైతే మళ్లీ తాకండి. కొన్నిసార్లు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది.

4. అలా తెరిచిన మరుక్షణం, బిడ్డ వీపు మీదున్న అరచేత్తో బిడ్డను మీ వైపు దగ్గరికి లాక్కోండి. పెద్ద నోరు నిలిచేది ఒకట్రెండు సెకన్లే. ముందు గడ్డం రొమ్ముకు గుచ్చుకోవాలి. కింది పెదవి చనుమొన మొదట్లో కాక వలయం కింది అంచు దగ్గర ఆనాలి. చనుమొన అన్నిటికన్నా చివరగా, పై పెదవి కింద నుంచి అంగిలి వైపు చూస్తూ లోపలికి జారాలి.

5. జారగానే వదిలేయకుండా బిడ్డను అలాగే దగ్గరగా అదిమి ఉంచి పది పదిహేను సెకన్లు చూడండి. రొమ్మును పట్టుకున్న చెయ్యి వెంటనే తీసేస్తే దాని బరువుకే పట్టు జారుతుంది. చీకడం కుదుటపడ్డాక మెల్లగా తీయవచ్చు.

పట్టు కుదిరిందో లేదో తెలుసుకోవడం

గడ్డం రొమ్ముకు అతుక్కుని ఉంటుంది. ముక్కు తగిలీ తగలనట్టు ఉంటుంది. కింది పెదవి బయటికి మడత తిరిగి ఉంటుంది. ముదురు వలయం పై పెదవి పైన ఎక్కువగా, కింది పెదవి దగ్గర తక్కువగా కనిపిస్తుంది. (వలయం మొత్తం నోట్లోకి వెళ్లాలన్న నియమం లేదు. కొందరికి అది పెద్దగా ఉంటుంది, ఎంత బాగా పట్టినా చాలాభాగం బయటే కనిపిస్తుంది.) బుగ్గలు నిండుగా ఉంటాయి, చీకినప్పుడు లోపలికి గుంటలు పడవు.

మీకు లాగుతున్నట్టు ఉండాలిగానీ గిల్లినట్టు ఉండకూడదు. మొదటి రోజుల్లో నోట్లోకి తీసుకున్న క్షణాన కాస్త చురుక్కుమని అర నిమిషంలోపు తగ్గితే ఫర్వాలేదు. తగ్గకుండా సాగితే పట్టు తప్పినట్టే. టక్ టక్ మని చప్పుడు వస్తుంటే నాలుక పట్టు విడిపోయి గాలి పోతోందని అర్థం.

బిడ్డ వదిలాక చనుమొనను చూడండి. గుండ్రంగా, కొంచెం పొడవుగా ఉంటే బాగా చీకింది. ఒకపక్క వాలుగా చెక్కినట్టున్నా, కొన తెల్లబడినా, అడ్డంగా గీత పడినా అది అంగిలికి నలిగింది. కళ్లతో పట్టును ఎంత పరీక్షించినా ఈ ఒక్క గుర్తు చెప్పినంత నిక్కచ్చిగా ఏదీ చెప్పదు.

ముక్కు మూసుకుపోతుందేమోనని రొమ్మును వేలితో నొక్కి ఖాళీ చేస్తుంటారు. అలా నొక్కితే చనుమొన ముందుకు లాగబడి పట్టు పలచబడుతుంది. దానికి బదులు బిడ్డ పిరుదులను మీ శరీరానికి ఇంకాస్త దగ్గరికి జరపండి. తల దానంతటదే వెనక్కి వాలి ముక్కు తేలుతుంది.

తప్పితే తీసి మళ్లీ పెట్టండి. లాగకూడదు. చిటికెన వేలిని శుభ్రంగా కడుక్కుని బిడ్డ నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పోనిస్తే గాలి లోపలికి వెళ్లి పట్టు విడుతుంది, అప్పుడు తీయండి. కింది పెదవి లోపలికి మడిచి ఉండటం ఒక్కటే లోపమైతే తీయక్కర్లేదు, గడ్డాన్ని వేలితో మెల్లగా కిందికి నొక్కితే చాలు. రెండు మూడుసార్లు తీసి పెట్టాక బిడ్డకు కోపం వస్తే భుజం మీద వేసుకుని ఊరడించి తర్వాత ప్రయత్నించండి. ‘ఈసారికి ఓర్చుకుందాం’ అనుకుంటే మాత్రం ఆ ఒక్కసారికే పగుళ్లు పడవచ్చు.

మింగుతోందా?

నోరు కదిలినంత మాత్రాన తాగుతున్నట్టు కాదు. మొదట బిడ్డ చిన్నగా, వేగంగా చీకుతుంది. అది పాలను పిలవడం. ఒకటి రెండు నిమిషాల్లో పాలు చేపాక తీరు మారుతుంది: గడ్డం బాగా కిందికి దిగుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ మూసుకుంటుంది. ఆ ఆగడమే నోరు నిండటం. దాని వెంటే సన్నగా గుటక వినిపిస్తుంది. మొదటి రోజు ముర్రుపాలు ఒక్కోసారికి వచ్చేవి రెండు నుంచి పది మిల్లీలీటర్లే, కాబట్టి గుటకలు అరుదుగానే ఉంటాయి. దిగులుపడక్కర్లేదు. మామూలుగా రెండు నుంచి ఐదు రోజుల్లో పాలు నిండుగా పడతాయి.

చీకడం నెమ్మదించి మగతలోకి జారుతుంటే రొమ్మును వెనక భాగంలో అరచేత్తో మెల్లగా నొక్కి పట్టండి. పాలు రాగానే మళ్లీ మింగుతుంది. మింగడం ఆగాక వదిలి ఇంకోచోట నొక్కండి. తానే వదిలేస్తే రెండో రొమ్ము చూపించండి.

భంగిమలు

అడ్డంగా పడుకోబెట్టి, ఏ రొమ్ము ఇస్తున్నారో దానికి ఎదుటి చేత్తో బిడ్డను పట్టుకోవడం నేర్చుకునే రోజులకు బాగుంటుంది, తల మీద మీకు అదుపు ఉంటుంది. సిజేరియన్ కుట్టు ఉన్నవాళ్లకు, రొమ్ములు పెద్దగా ఉన్నవాళ్లకు, కవలలకు, చిన్నగా పుట్టిన బిడ్డలకు చంక కింద పట్టుకునే పద్ధతి నయం: బిడ్డ కాళ్లు మీ వీపు వైపు, తల మీ అరచేతి దగ్గర. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం రాత్రిళ్లు హాయి. ఎన్ని చేసినా పట్టు కుదరనివాళ్లు వెనక్కి బాగా జారగిలబడి, బిడ్డను ఛాతీ మీద బోర్లా వేసుకుని చూడండి. బరువుకే గడ్డం రొమ్ములోకి దిగుతుంది, చాలామంది పిల్లలు మన సాయం లేకుండానే వెతుక్కుని పట్టేస్తారు. మీరు నిద్రపోయేలా ఉంటే మాత్రం సోఫాలోనో వాలు కుర్చీలోనో పాలివ్వకండి. అక్కడ కునుకు పట్టడం బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.

పట్టు కుదరనివ్వని ఇబ్బందులు

పాలు పడ్డ రోజుల్లో రొమ్ము గట్టిపడి వలయం బిగుసుకుంటుంది, బిడ్డ నోరు జారిపోతుంది. పాలివ్వడానికి ముందు చనుమొన మొదట్లో చుట్టూ వేళ్ల కొనలు పెట్టి ఛాతీ వైపు నొప్పి పుట్టనంతగా ఒక నిమిషం నొక్కి పట్టండి. వాపు వెనక్కి జరిగి ఆ చోటు మెత్తబడుతుంది. చేత్తో కొంచెం పాలు పిండినా సరే. బిడ్డ తాగాక చల్లటి గుడ్డ వేస్తే వాపు దిగుతుంది.

చనుమొన చదునుగా ఉన్నా, లోపలికి ఉన్నా పాలివ్వలేమన్న భయం అక్కర్లేదు. బిడ్డ పట్టాల్సింది రొమ్మునే. మెత్తటి రొమ్ము నోటినిండా వెళ్తే చీకడంతోనే చనుమొన బయటికి సాగుతుంది. పాలిచ్చే ముందు వేళ్లతో కాస్త గుండ్రంగా తిప్పి లేపవచ్చు. సిరంజి పద్ధతి కూడా ఉంది: 10 మిల్లీలీటర్ల కొత్త సిరంజి (చనుమొన పెద్దదైతే 20) సూది వైపు కొనను కోసేసి, కోసిన వైపు నుంచి లోపలి కడ్డీ పెడతారు. నున్నగా ఉన్న రెండో అంచును చనుమొన మీద ఆనించి, కడ్డీని నొప్పి లేనంతవరకే లాగి అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచుతారు. తీసే ముందు కడ్డీని కొద్దిగా లోపలికి నెట్టి పట్టు వదలాలి. కోసిన అంచు ఎప్పుడూ చర్మానికి తగలకూడదు. మొదటిసారి నర్సు ఎదుటే చేయడం మంచిది.

పాలు ఉధృతంగా వచ్చి బిడ్డ ఉక్కిరిబిక్కిరై వదిలేస్తుంటే, చేపు వచ్చినప్పుడు మొదటి ధారను గుడ్డలోకి పోనిచ్చి, వెనక్కి వాలి ఇవ్వండి. మగతగా ఉండే బిడ్డకు బట్టలు విప్పి చర్మానికి చర్మం తగిలించి, అరికాళ్లు నిమరండి. సీసా పీకకు నోరు పెద్దగా తెరవక్కర్లేదు. అందుకే మొదటి వారాల్లో రొమ్ముకు పట్టకుండా విడిగా పాలు పట్టాల్సి వస్తే పిండిన పాలను చెంచాతోగాని చిన్న గిన్నెతోగాని పట్టడం మేలు. పట్టు ఎంత సరిచేసినా నొప్పి పోకపోతే, బిడ్డ నాలుక కింది చిగుళ్లు దాటి ముందుకు రాకపోతే, ఏడ్చినప్పుడు నాలుక కొన మధ్యలో నొక్కుపడితే, నాలుక కింది పొర బిగుతుగా ఉందేమో వైద్యులకు చూపించాలి.

పగిలిన చనుమొనకు సబ్బు వాడకండి. తాగాక రెండు చుక్కల పాలు రాసి గాలికి ఆరనిస్తే చాలు. నొప్పి తక్కువున్న వైపు ముందు ఇవ్వండి, బిడ్డ ఆకలి మీద చేసే దూకుడు అక్కడ తగ్గిపోతుంది. భరించలేనంత నొప్పైతే ఆ వైపు పాలు రెండు మూడు గంటలకోసారి పిండి పట్టండి. పిండకుండా వదిలేస్తే పాలు కట్టుకుపోతాయి.

ఎప్పుడు వైద్యులను కలవాలి

మొదటి రోజు ఒక మూత్రం, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ ఐదో రోజు తర్వాత రోజుకు ఆరు లేదా ఎక్కువ ఉండాలి. నల్లటి మలం ఆకుపచ్చగా మారి, ఐదో రోజుకల్లా పసుపు రంగులోకి రావాలి. పుట్టిన బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలే. 10 శాతానికి చేరితే వెంటనే చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. మూత్రం తగ్గినా, బిడ్డను లేపడం కష్టమైనా, చర్మం, కళ్లు పచ్చబడుతున్నా ఆలస్యం చేయకండి. మీకు జ్వరం, చలి వచ్చి రొమ్ములో ఒకచోట ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉంటే అదే రోజు వైద్యులను కలవండి. పాలివ్వడం మాత్రం ఆపకండి, ఆపితే అది ఇంకా ముదురుతుంది.

నర్సునో పాలివ్వడంలో శిక్షణ పొందినవారినో పిలిచేటప్పుడు బిడ్డ ఆకలి గుర్తులు చూపిస్తున్నప్పుడే పిలవండి. నోరు తెరిచే క్షణం నుంచి రొమ్ము వదిలేదాకా వాళ్లను పక్కనే కూర్చోబెట్టుకోండి. వదిలిన వెంటనే చనుమొన ఎలా ఉందో చూపించండి.